గుడ్లగూబ ఓకా చివరి పువ్వు

ఈ పొగమంచుకి సిగ్గూ శరమూ లేవు. తెల్లారకముందే లోయలోంచి పాక్కుంటూ వచ్చి నా చేను మీద కూర్చుంది, ఇంత పొద్దెక్కినా కదలదు, అన్నం పెట్టిందాకా లేవని చుట్టంలాగ. కింద వాగు మోత వినిపిస్తోంది గాని వాగు కనిపించదు, పక్క సాలులో బంగాళాదుంప ఆకులు కనిపిస్తున్నాయి గాని ఆ పై సాలు లేదు, లోకమంతా ఒక గొర్రెతోలంత అయిపోయింది, ఆ కాస్త జాగాలో నేనూ, నా ముందు ఈ ఒక్క ఓకా దుంప మొక్కా, దానికి ఈ ఒక్క పువ్వూ. పువ్వు అనడం కూడా నా తొందరే, ఇంకా మొగ్గే, కొసన పసుపు తొంగిచూస్తోంది, రేకులు ఒకదాని మీద ఒకటి మెలిపడి బిగుసుకుని ఉన్నాయి. ఓకా పువ్వుకి ఎండ కావాలి. ఎండ తగిలితేనే విప్పుకుంటుంది, మబ్బు పడితే ముడుచుకుంటుంది, ఒక పూటో రెండు పూటలో దాని బతుకు, ఆ తరవాత కాడతో సహా రాలిపోతుంది. ఇది నిన్ననే విచ్చుకోవలసింది. నిన్నంతా వాన. ఈ పూట కూడా ఎండ రాకపోతే రేపటికి ఇది నేల మీద ఉంటుంది, ఈ మొక్కకి ఇంకో మొగ్గ లేదు, ఈ జాతికి ఇంకో మొక్క లేదు. ఇదంతా నాకు తెలుసు, మంచుకి తెలియదు, అదే నా కోపం.

వేళ్ళతో విప్పేద్దామా అని ఇందాక ఒకసారి చెయ్యి పోనిచ్చాను. పోనిచ్చి వెనక్కి తీసుకున్నాను. బలవంతంగా విప్పితే లోపల తడి చేరుతుంది, తడి చేరితే పొడి ముద్దకడుతుంది, ముద్దకట్టిన పుప్పొడి ఎందుకూ పనికిరాదు, చెప్పులో బురద లాంటిదే. కూర్చో నికాసియా, కూర్చుని ఊపిరి పీల్చు, అనుకున్నాను. మూడు కోకా ఆకులు ఏరి, కొనలు కలిపి పట్టుకుని, కొండదేవుడి వైపు ఊదాను. కొండ ఎటుందో కనిపించదు, అయినా యాభయ్యేళ్ళుగా చూస్తున్న కొండ ఎక్కడికి పోతుంది, అటే ఊదాను. ఆకు నమిలితే చేదు. మా అమ్మ అనేది, ఆకు తియ్యగా ఉంటే మంచిది, చేదుగా ఉంటే ఇంకో మూడు నములు అని. మా అమ్మకి దేనికైనా రెండో దారి ఉండేది.

ఈ ఓకా మా అమ్మదే. నల్లటి దుంప, దాని మీద కళ్ళు మాత్రం పచ్చగా గుండ్రంగా ఉంటాయి, చీకట్లో పొయ్యి దగ్గర బుట్టలో పోసి ఉంటే బుట్టంతా మననే చూస్తున్నట్టు ఉండేది, అందుకే గుడ్లగూబ ఓకా అంటారు. తవ్వగానే వండితే నోరు పులిసిపోతుంది. పైకప్పు మీద పరిచి ఎండబెడితే ఆ పులుపు రోజురోజుకీ తీపిలోకి తిరుగుతుంది, అది ఎప్పుడు తిరిగిందో మా అమ్మకి చూడకుండానే తెలిసిపోయేది, వంట మధ్యలో తలెత్తి, ఇంక దింపు, అనేది. ఎలా తెలుసమ్మా అంటే, వాసనే, అనేది. నేను ఎంత పీల్చినా గడ్డి కప్పు వాసనే వచ్చేది నాకు. నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చింది వీపుగుడ్డలో కట్టిన ఈ దుంపలే, ఒక ఆడగొర్రె కూడా ఇచ్చింది గాని ఆ గొర్రె దారిలోనే తప్పించుకుని పుట్టింటికి పోయింది, నాకంటే తెలివైంది. మా వైపు ఆడపిల్ల విత్తనం తీసుకునే వస్తుంది. అత్తగారు ఆ మూట విప్పి, ఒక్కొక్క దుంపా చేతిలో తిప్పి, గోరుతో గిచ్చి, వాసన చూసి, అప్పుడు గాని కోడలి మొహం చూడదు. మా అత్త ఇలారియా నా దుంపల్ని చూసినంత సేపు ఇంతవరకూ నన్ను చూడలేదు. చూసి, ఇవి కింద చేలో గోడ పక్క సాళ్ళలో పెట్టుకో, పైచేను నా వాటిది, అంది. అంతే. అందులో తప్పేం లేదు, ఆమెకి ఆమె అత్త అలాగే చెప్పి ఉంటుంది, ఎవరి విత్తనం వాళ్ళ సాలులో ఉండాలి, కోడలి విత్తనం అత్త సాలులోకి రాకూడదు, మా ఊళ్ళో ఎవరినడిగినా అదే చెబుతారు.

గోడ పక్క సాళ్ళలో బాగానే పండింది మొదట్లో. తరవాత ఆకు మీద పాలిపోయిన మచ్చలు మొదలయ్యాయి, కాడలు కురచబడ్డాయి, దుంప బొటనవేలంత, ఆ తరవాత చిటికెనవేలంత. బూడిద చల్లాను, కుళ్ళిన మూత్రం పోశాను, చేను మార్చాను, పూజ పెట్టించాను. పోయిన కోతలో తవ్వితే ఒక్క దుంప నాటడానికి పనికొచ్చేది దొరికింది, మిగతావి పురుగు తొలిచి నుసి. ఆ ఒక్క దుంపే ఈ మొక్క. దీని ఆకులకీ మచ్చలే. ఇది ఈసారి దుంప పెట్టదు, అది దాన్ని చూస్తేనే తెలుస్తోంది, ఉన్న బలమంతా ఈ ఒక్క పువ్వుకి పెట్టింది.

దుంప నుంచి దుంప తీస్తూ పోతే తల్లి రోగం బిడ్డకి వస్తూనే ఉంటుంది, అది ఒకే ఒళ్ళు కదా, అని ఇంజనీరమ్మ నోర్కా చెప్పింది. ఆ పిల్ల పట్నం నుంచి వచ్చి రెండు వానాకాలాలు మా ఊళ్ళో ఉంది, మంచి పిల్ల, మా ఇంట్లోనే పడుకునేది, చలికి ముక్కు ఎర్రగా చేసుకుని తిరిగేది. పువ్వులోంచి పుట్టిన గింజకి మాత్రం ఆ రోగం చాలావరకు అంటదట. గింజా? ఓకాకి గింజేమిటి, అని మా ఆయన సబినో నవ్వాడు. మా తాతముత్తాతలు ఎవరూ ఓకా గింజ చూడలేదు, చూడాలని అనుకోలేదు, దుంప ఉండగా గింజతో పనేముంది. గట్టు మీద ఎక్కడైనా గింజ పడి మొలిచిన మొక్కని నక్క పంట అంటారు మావాళ్ళు, అది మనుషులది కాదు, నక్కది, పీకనూ కూడదు, తిననూ కూడదు, చూసి ఊరుకోవాలి. నోర్కా ఒక పువ్వు కోసి, రేకులు విప్పి, నా అరచేతిలో పెట్టి, ఈ నాలుకలు చూడక్కా అంది. చూస్తే మధ్యలో ఐదు సన్నటి పచ్చ నాలుకలు, పొడవుగా పైకి లేచి ఉన్నాయి, పొడి ఉన్న కాడలన్నీ వాటి కింద. ఇంకో పువ్వులో ఆ నాలుకలు మధ్యలో, కొన్ని కాడలు వాటి పైన, కొన్ని కింద. మా ఊళ్ళో లేని మూడో రకంలో నాలుకలు అట్టడుగున ఉంటాయంది. మూడు రకాలు, ఒక రకం పువ్వు తన రకం పొడిని ఒప్పుకోదు, పొడుగు నాలుకకి పక్క రకంలోని పొడుగు కాడ పొడే కావాలి, అప్పుడే కాయ నిలుస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఓకా చేలో ఉన్నాను, ఇన్ని పువ్వుల మధ్య నడిచాను, ఒక్కసారి వంగి లోపలికి చూడలేదు. ఆ రోజు సాయంత్రం దాకా పువ్వులు కోసి చూస్తూనే ఉన్నాను, పిచ్చి పట్టినట్టు, సబినో వచ్చి జావ కాచుకున్నాడు.

ఆ పిల్ల ఒక కుండీలో వేరే ఊరి ఓకా తెచ్చింది, నడిమి నాలుకది. దాని పొడి తీసి నా గుడ్లగూబకి అద్దాం అని చిన్న పట్టకారు ఇచ్చింది, నేనే అద్దాను. కాయ నిలిచింది. లేత కాయ, పొట్ట ఉబ్బి, పండినాక ఒక మధ్యాహ్నం నేను మొహం దగ్గర పెట్టుకుని చూస్తూ ఉంటే టప్పున పగిలింది, గింజలు బుగ్గ మీద తగిలాయి, చిన్న చిన్నవి, ఆవగింజలో సగం కూడా లేవు, ఒకటి కనురెప్పకి అంటుకుంది. నవ్వొచ్చింది నాకు. అమ్మ గుర్తొచ్చింది. మిగతా కాయలకి గుడ్డ ముక్క కట్టి పట్టాను. తరవాతి వానలకి ఇంటి వెనక చిన్న మడి కట్టి, పేడ జల్లెడ పట్టి, చల్లాను. మొలిచాయి. మూడేసి ఆకులు, గుండె ఆకారం, పల్చగా, నేల మీద పచ్చటి నీడలాగ ఉండేవి. రోజూ పొద్దున్నే వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. నోర్కా అప్పటికే వెళ్ళిపోయింది, వాళ్ళ పని అయిపోయిందన్నారు, ఆ కుండీ ఓకా కూడా ఆ చలికి పోయింది. మొలకలు మాత్రం నావి.

అప్పుడు నేను మా చెల్లెలి మనవరాలి తలవెంట్రుకల పండగకి వెళ్ళాను, ఆ పిల్లకి మొదటి కత్తెర వెయ్యాల్సింది నేను, వెళ్ళక తప్పదు. నేను లేని రోజే, ఒకరి చేలో ఒకరు బదులుకి పని చేసిపెట్టే వంతు మా సాళ్ళకి వచ్చింది. ఊరి ఆడవాళ్ళంతా కలుపు తీయడానికి వచ్చారు, మా అత్త ముందుండి తీయించింది. బంగాళాదుంప సాళ్ళయ్యాయి, ఇంకా పొద్దుంది, కోడలు లేదు కదా, పాపం దాని ఇంటి వెనక మడి కూడా శుభ్రం చేసి పెడదాం అనుకున్నారు. మడి నిండా పులిచింత మొలిచి ఉంది వాళ్ళ కంటికి. మూడాకులు, గుండె ఆకారం, నమిలితే పులుపు. నమిలి కూడా చూశారట, పులిచింతే అని తేల్చుకున్నారు. పట్నంవాళ్ళయితే ఆ మడిని ముట్టుకునేవాళ్ళే కాదు, ఏది కలుపో ఏది పైరో తెలియక. మావాళ్ళకి కలుపు తెలుసు. ఓకా పసిమొహం మాత్రం మాలో ఎవరూ ఎన్నడూ చూసి ఎరగరు. నేను వచ్చేసరికి అత్త గడప మీద నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది.

"నీ మడి సూసుకోపో, అద్దంలాగ చేసి పెట్టినాము."

చూసుకున్నాను. గట్టు మీద వాడిపోయిన కుప్ప. అందులో కొన్ని ఏరి మళ్ళీ నాటాను, ఒక్కటీ లేవలేదు. పీకింది పులిచింత కాదని ఆమెకి ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు, నేను చెప్పలేదు. అసలు ఆ వానాకాలమంతా ఆమెతో మాట్లాడలేదు నేను. కుండలో జావ పంపేది, తాగి, కుండ తోమి, గోడ మీద పెట్టేదాన్ని. ఆమె వచ్చి తీసుకుపోయేది. ఇలారియా నోటి నుంచి తప్పయింది అనే మాట ఎవరూ వినలేదు, వాళ్ళ ఆయన కూడా పోయేదాకా వినలేదు, నేనెందుకు వింటాను.

ఈ నెల మొదట్లో మొక్కకి మొగ్గ కనిపించగానే పంతం చంపుకుని నేనే ఆమె దగ్గరికి వెళ్ళాను. మా ఊళ్ళో అందరి ఓకాలూ పొడుగు నాలుకవే, నావీ అవే, నడిమి నాలుక ఉన్నది అత్త పసుపు ఓకా ఒక్కటే, పైచేలో. ఒక్క పువ్వు ఇమ్మని అడిగాను. ఆమె ఉన్ని వడుకుతూ తలెత్తలేదు. నా ఓకాని నీ గుడ్లగూబకి మొగుణ్ణి చేస్తావటే, అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వబోయి, నవ్వలేక, ఇంటికి వచ్చేశాను. అడగకుండా కోసుకోవచ్చు, ఎవరు చూస్తారు, కాని ఒకరి చేలో ఓకా పువ్వు దొంగతనంగా కోస్తే ఆ చేనికి వడగళ్ళు పడతాయంటారు. నమ్ముతానా అంటే చెప్పలేను, కొయ్యగలనా అంటే కొయ్యలేను. అంటే ఇప్పుడు ఎండ వచ్చినా, ఈ పువ్వు విచ్చినా, నా దగ్గర పొడి లేదు. మరి ఎందుకు కూర్చున్నాను ఇక్కడ, చలిలో, పాదాలు తిమ్మిరెక్కి? చూడ్డానికేమో. చివరిది కదా, విచ్చుకునేటప్పుడు ఎవరో ఒకరు ఉండాలి కదా.

పొగమంచులో టోపీ ఒకటి ముందు కనిపించింది, తరవాత మనిషి. ఇలారియా. వంగిన నడుము, చేతిలో చిన్నపార, పావడా అంచులు మోకాళ్ళ దాకా తడిసి. ఈ మధ్య కళ్ళు సరిగ్గా కనపడక కాళ్ళతో వెతుక్కుంటూ నడుస్తుంది. వచ్చి మొక్క ముందు ఆగింది.

"ఏమే, పెండ్లికూతురు ఇంకా మొకం కడుక్కోలేదా?"

"ఎండ రావాల గదత్తా."

"ఈ పొద్దు రాదు. నా మోకాలు చెప్తా ఉంది."

"నీ మోకాలు నిన్న కూడా ఇదే చెప్పింది."

"నిన్న వచ్చిందా మరి?"

రాలేదు. ఆమె నా పక్కనే చతికిలబడి, నా గుడ్డలోంచి అడక్కుండానే కోకా ఆకులు తీసుకుని నమలడం మొదలుపెట్టింది. పళ్ళు లేవు, చిగుళ్ళతోనే నములుతుంది, చాలాసేపు. ఆమె ఒంటి నుంచి పొగ వాసనా గొర్రె వాసనా, మా అమ్మ దగ్గరా ఇదే వాసన ఉండేది, ఆడవాళ్ళం ముసలైతే అందరం ఒకే వాసన వస్తామేమో. అమ్మ చనిపోయిన రోజు ఈమె నాతో కొండ దాటి వచ్చింది, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, అక్కడికి వెళ్ళాక పొయ్యి దగ్గర కూర్చుని ఊరందరికీ వండింది. అది ఎందుకు మరిచిపోయాను. మంచిని మరిచిపోవడం ఎంత సులువో.

"అది కాదే," అంది అత్త, పువ్వు వైపు చూపు నిలిపి, "కాయ కాసిందే అనుకో, గింజ మొలిచిందే అనుకో. పుట్టేది నీ గుడ్లగూబ కాదు గదా. ఆ పిల్ల అప్పుడే చెప్పింది గదా, ఏ రంగు వస్తాదో, ఏ రుచి వస్తాదో ఎవురికీ తెలీదని. మరి దేనికే నీకింత ఆరాటం?"

ఇదే నేనూ ఎన్నిసార్లు అనుకున్నానో. గింజ నుంచి వచ్చేది అమ్మ దుంప కాదు. ఎర్రగా రావచ్చు, తెల్లగా రావచ్చు, పచ్చ కళ్ళు ఉండకపోవచ్చు, కప్పు మీద ఎన్నాళ్ళు పరిచినా తీపి తిరగకపోవచ్చు. దుంప నుంచి దుంప అయితే అదే ఒళ్ళు, మా అమ్మమ్మ అమ్మమ్మ తిన్నదే నేనూ తింటున్నట్టు. గింజ అయితే కొత్త మనిషి. కాని నేను మాత్రం మా అమ్మనా? నాకు ఆమె ముక్కు రాలేదు, ఆమె ఓపిక రాలేదు, వాసన పట్టడం అసలే రాలేదు. నవ్వు మాత్రం ఆమెదే అంటారు చూసినవాళ్ళు. నన్ను చూసి ఆమె ఎప్పుడూ, నువ్వు నేను కాదే అని ఏడవలేదు. ఏదో ఒకటి రానీ. ఈ నల్లటి దానిలోని ఏదో ఒక ముక్క, ఏదో ఒక మూల, ఎండలో నిలబడితే చాలు. ఇదంతా ఆమెకి ఎలా చెప్పను?

"ఏదో ఒకటి మిగలాల గదత్తా," అన్నాను.

ఆమె ఆకు ఉమ్మేసి, మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. పార నా ముందు పడేసింది.

"తవ్వు."

"ఏంది?"

"మొక్కని తవ్వు. మన్నుతో సహా తియ్యి. పైచేలో ఎండ కాస్తా ఉంది."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురో చెప్పేదేందే? నేను ఆడినుంచే గదా దిగొచ్చింది."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ఈ కళ్ళతో, ఈ మోకాళ్ళతో, తెల్లారకముందే పైచేను దాకా ఎక్కి, ఎండ ఉందో లేదో చూసి, మళ్ళీ దిగి వచ్చిందా. పూత మీద ఉన్న ఓకాని నేల్లోంచి లేపకూడదని, లేపితే భూమితల్లికి కోపమని నాకు నేర్పింది ఈమే.

"భూమితల్లి కోప్పడతాదని నువ్వే గదత్తా చెప్పింది."

"నన్ను కోప్పడతాదిలే. ఇంకెన్నాళ్ళు కోప్పడతాది?"

"తెగులు మొక్కత్తా ఇది. పైచేలోకి తీసుకపోతే నీ వాటికీ అంటుకుంటాది."

"కండ్లు కనపడవు గాని నా చెవులు బాగానే ఉండాయి. ఆ పిల్ల చెప్పేటప్పుడు నేనూ ఆడనే కూర్చోని ఉంటి." ఆమె వీపుగుడ్డ విప్పి నేల మీద పరిచింది. "తవ్వుతావా, నన్ను తవ్వమంటావా?"

తవ్వాను. వేరు తెగకుండా దూరం నుంచి, గుండ్రంగా, చేతులు పెట్టి మట్టి గడ్డని కిందనుంచి లేపుతుంటే నా భయమంతా ఒకటే, కాడ ఊగితే చాలు మొగ్గ రాలిపోతుందేమోనని. ఇద్దరం పట్టి గుడ్డ మీదకి ఎత్తాం. నేను మోస్తానన్నాను. నువ్వు తొందరపడి జారతావు, నీ నడక నాకు తెలీదా, పిల్లల్ని మోసిన వీపు నాది, అని తిట్టి, మూట వీపుకి వేసుకుని రొమ్ము మీద ముడి బిగించింది. ఆమె టోపీ పక్కనుంచి గుడ్లగూబ ఓకా తల బయటికి వచ్చింది, మచ్చల ఆకులూ ఆ ఒక్క మొగ్గా. ఎక్కడం మొదలుపెట్టాం. ఆమె ముందు, నేను వెనక, మొగ్గ మీద చినుకు పడకుండా నా టోపీ అడ్డం పట్టుకుని. దారి రాళ్ళు తడిగా ఉన్నాయి, ఆమె పాదం ప్రతి రాయినీ తడిమి చూసి గాని బరువు వెయ్యడం లేదు. పడిపోకు తల్లీ, పడిపోకు, అనుకుంటున్నాను లోపల, ఎవరిని అంటున్నానో నాకే తెలియదు, మొక్కనో ఈమెనో. ఊపిరి బరువుగా తీస్తోంది, కూర్చుందామత్తా అంటే వినిపించుకోదు. ఈ మనిషి మీద నేను ఒక వానాకాలమంతా కోపం పట్టుకున్నాను. ఆ కోపం న్యాయమైందే, ఇప్పటికీ న్యాయమైందే అంటాను, ఆ మొలకలు నాకు తిరిగి రావు. అయినా ఆమె మడమల పగుళ్ళు నా కళ్ళ ముందు ఒకటి తరవాత ఒకటి పైకి లేస్తుంటే, ఆ కోపం ఎక్కడ ఉందో వెతికినా దొరకడం లేదు.

మంచు పల్చబడింది. తెల్లగా, తరవాత పసుపు తెలుపుగా, తరవాత ఒక్కసారిగా లేదు. బయటికి వచ్చాం. కళ్ళు చిట్లించుకోవలసి వచ్చింది. కింద లోయ లేదు, ఊరు లేదు, అంతా ఉన్ని పరిచినట్టు ఉంది, పైన మంచుకొండ ఎప్పటిలాగే కూర్చుని ఉంది, మేమేం చేస్తున్నామో దానికి పట్టనట్టు. అత్త పైచేను ఎండలో మెరుస్తోంది, ఆమె పసుపు ఓకాలన్నీ విరగబూసి, సాళ్ళన్నీ పచ్చ మీద పసుపు. గట్టు దగ్గరికి రాగానే మూట దించుదామని ముడి మీద చెయ్యి వేసింది.

"ఆగత్తా, కదలొద్దు!"

విచ్చుకుంటోంది. ఆమె వీపు మీదే, ఆమె చెవి పక్కనే. ఎండ తగిలి మొదటి రేకు వదులైంది, తరవాత రెండోది, మిగతావి వాటంతట అవే. లోపల ఐదు నాలుకలు, పొడుగ్గా, పొడిగా, పచ్చగా, దేనికోసమో చాచినట్టు. నేను చుట్టూ చూశాను, ఆమె పువ్వుల వైపు చూశాను, చెయ్యి చాపలేదు.

"సూస్తావేందే? ఏది కావాల్నో కోసుకో."

కోశాను. ఒక్కటి కాదు, మూడు కోశాను, ఇన్నేళ్ళ దాహంలాగ. విప్పి చూస్తే నడిమి నాలుకలు, వాటి పైన పొడుగు కాడలు, కొసల్లో పొడి రాలడానికి సిద్ధంగా ఉంది. పావడా మడతలోంచి నోర్కా ఇచ్చిన పట్టకారు తీశాను. ఎడమ చెయ్యి ఆమె భుజం మీద ఆనించుకున్నాను, ఆ భుజం ఎంత ఎముకలో అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఊపిరి బిగబట్టింది. మొదటి నాలుకకి అద్దాను. పచ్చటి కొసన పసుపు చుక్క నిలిచింది. రెండోది. మూడోది గాలికి కదిలింది, ఆగాను, గాలి పోయింది, అద్దాను.

"అయిందా?"

"ఇంకా రెండున్నాయి."

"నడుము పోతా ఉండాదే."

"ఇంకొక్కటే."

"సగం నాది అది, మర్చిపోవాకు," అంది వంగిన చోటినుంచే. "పుట్టినాక నల్లగా ఉంటే నీ పోలిక, పసుప్పచ్చగా ఉంటే నా పోలిక. వంకరగా ఉంటే మాత్రం మీ అమ్మదే."

నవ్వేశాను. నవ్వుతూనే ఐదోదానికి కూడా అద్ది, ఎర్ర ఉన్ని పోగు తీసి కాడకి వదులుగా కట్టాను, మా గొర్రెపిల్లల చెవులకి కట్టినట్టు. అయిందత్తా అన్నాను. ఆమె నడుమెత్తలేకపోయింది, మూట నేను దించి, ఆమెని పట్టుకుని నిలబెట్టాను. కాయ నిలుస్తుందో లేదో తెలియదు. ఈ పాడు మొక్క ఈ కదిలింపుకి తట్టుకుని ఆ కాయ పండేదాకా బతుకుతుందో లేదో తెలియదు. కాని ఇంకా చేయాల్సింది ఉంది, వేరు ఎండకముందే నాటాలి. గట్టు పక్క, రాళ్ళ దగ్గర కాస్త ఖాళీ ఉంది, ఆమె మొక్కలకి వీలైనంత దూరంగా, నేను అక్కడ తవ్వడానికి పార అందుకోబోయాను. ఆమె అప్పటికే పార తీసుకుని చేలోకి నడిచింది. సాలు మధ్యలో, మట్టి నల్లగా మెత్తగా ఉన్న చోట ఆగింది. అక్కడ ఖాళీ లేదు. ఆమె వంగి, బాగా ఎదిగి నిండా పూసిన తన మొక్క ఒకదాన్ని రెండు చేతులతో మొదట్లో పట్టుకుని, వేళ్ళతో సహా పీకి, పక్కన పెట్టింది.

"అత్తా! అంచులో పెట్టొచ్చు గదా!"

"అంచులో గొర్రెలు మేస్తాయి." గుంట వెడల్పు చేస్తోంది, నా వైపు చూడటం లేదు. "నీడ పడని చోటు ఇదే. తేపో."

తెచ్చాను. ఇద్దరం కలిసి గుంటలోకి దించాం. గుడ్లగూబ ఓకా ఆమె పసుపు పువ్వుల మధ్య నిలబడింది, మచ్చలతో, ఎర్ర పోగుతో. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, ముక్కు మోచేతికి తుడుచుకున్నాను.

"ఏడిస్తే తరవాత ఏడుద్దువు," అంది ఇలారియా. "వేరు ఎండిపోతా ఉంది. మన్ను తొయ్యి."

నేను మన్ను తోశాను.